"టవర్ ఫుల్‌గా ఉంది, నెట్ రావట్లేదు": ఈ మాటకు అర్థముందా?

నుడికారం: "టవర్ లేదు", "సిగ్నల్ పోయింది", "నెట్ రావట్లేదు" అనే మూడు మాటల్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. ఇనప టవర్ ఎక్కడికీ పోదు కదా! "టవర్ ఫుల్, నెట్ నిల్" అనేది మరీ విచిత్రం. వైర్‌లెస్ తెలిసినవాళ్లు కాస్త విప్పి చెప్పండి.

యాంటెన్నా: నిక్షేపంలాంటి అర్థముందండీ. 4జీలో టవర్ పంపే రిఫరెన్స్ సిగ్నల్ ఫోన్‌కు ఎంత బలంగా అందుతోందో ఆర్ఎస్ఆర్‌పీ అనే కొలత చెబుతుంది. "టవర్ ఫుల్" అనేటప్పుడు మనం చూసే ఫోన్ తెరమీది గీతలు ప్రధానంగా దాన్నిబట్టే పడతాయి. లెక్క డీబీఎమ్‌లలో. 0 డీబీఎమ్ అంటే ఒక మిల్లీవాట్, అక్కణ్ణుంచి 10 తగ్గినప్పుడల్లా శక్తి పదో వంతుకు పడిపోతుంది. మైనస్ 80 ఉంటే బాగున్నట్టే. మైనస్ 110 దగ్గర నీరసం. మైనస్ 120 దాటితే కాల్ నిలవడం కష్టం. ఎన్ని డీబీఎమ్‌లకు ఎన్ని గీతలు వేయాలో మాత్రం ఫోన్ తయారుచేసేవాళ్ల ఇష్టం. అందుకే ఒకే బల్లమీద ఒక ఫోన్ నాలుగు, ఇంకోటి రెండు చూపిస్తాయి.

అక్షర: బలం ఉండీ నెట్ రాకపోవడం ఎందుకు?

యాంటెన్నా: మొదటి అనుమానం రొద మీద. 2జీలో పక్క సెల్‌కు (సెల్ అంటే ఒక టవర్ యాంటెన్నా చూసుకునే ప్రాంతం) వేరే ఫ్రీక్వెన్సీ ఇచ్చేవాళ్లు. 4జీలో మామూలుగా అన్ని సెల్‌లదీ ఒకే ఫ్రీక్వెన్సీ. ఎత్తయిన అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో మూడు నాలుగు టవర్లు సరిసమానంగా అందుతాయి. జాతరలో పక్కపక్క పందిళ్ల మైకులన్నీ ఒకేసారి మోగినట్టు, అన్నీ గట్టిగానే వినబడతాయి, ఒక్క ముక్కా అర్థం కాదు. దీన్ని పట్టిచ్చే కొలత ఎస్ఐఎన్ఆర్, అంటే రొదతో పోలిస్తే మన సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పేది. 20 డెసిబెల్స్ పైన ఉంటే హాయి. 0 అంటే మనకు కావలసిన సిగ్నలూ మిగతా రొదంతా సమానమని. అప్పుడు టవర్ ఒక్కో సింబల్‌లో (ఒక విడతలో పంపే తరంగపు ముక్కలో) ఆరు బిట్లు పంపడం మాని రెండుకు దిగుతుంది, తప్పులు దిద్దే అదనపు బిట్లూ పెంచుతుంది, దాంతో వేగం పడిపోతుంది.

రెండోది రద్దీ. 20 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో (టవర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీలో) పంచడానికి ఉన్నవి 100 రిసోర్స్ బ్లాకులే, అంటే ఆ పట్టీలోని చిన్న చిన్న వాటాలు. వాటిని ప్రతి మిల్లీసెకనుకూ ఆ సెల్‌లో ఉన్నవాళ్లందరికీ సర్దాలి. తెల్లవారుజామున బాగా వచ్చే వేగం రాత్రి తొమ్మిదికి పడిపోతుంటే ముందు దీన్నే అనుమానించండి.

వాడుక: మూడోది మరిచారు. టవర్ రేడియో 20, 40 వాట్లతో అరుస్తుంది. 4జీ ఫోన్‌కు మామూలుగా ఉన్న గరిష్ఠ శక్తి 23 డీబీఎమ్, అంటే 200 మిల్లీవాట్లు. టవర్ మాట మనకు అందుతుంది, మన మాట టవర్‌కు అందదు. ఫొటో పంపితే గుండ్రం తిరుగుతూనే ఉండేది ఇలాంటప్పుడే.

నుడికారం: ఏ జబ్బో తేల్చుకోవడం ఎలా?

యాంటెన్నా: ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#*, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేసి చూడండి, సిగ్నల్ కొలతల మెనూ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో కొన్ని కంపెనీలు ఈ మెనూ మూసేస్తాయి. 4జీలో ఏఎస్‌యూ (సిగ్నల్ బలాన్నే వేరే లెక్కలో చూపే) అంకె కనిపిస్తే అందులోంచి 140 తీసెయ్యండి, డీబీఎమ్ వస్తుంది. 2జీకి ఈ సూత్రం పనికిరాదు. గోడలకు తగిలి వచ్చే తరంగాలు కలిసి దాదాపు అర తరంగానికోసారి బలం తగ్గే చోట్లు ఏర్పడతాయి, 1800 మెగాహెర్ట్జ్‌లో అర తరంగం సుమారు 8 సెంటీమీటర్లు. అంటే ఫోన్‌ను బెత్తెడు జరిపినా రీడింగు మారొచ్చు. ఒకచోట చూసి తీర్పు చెప్పకుండా గదిలో నాలుగైదు చోట్ల చూడండి.

అక్షర: అలాగైతే ఆర్ఎస్ఆర్‌పీ తక్కువైతే "అందట్లేదు", ఎస్ఐఎన్ఆర్ తక్కువైతే "రొదగా ఉంది", బ్లాకులు చాలకపోతే "రద్దీగా ఉంది" అందాం. ఊళ్లలో "టవర్ అందట్లేదు" అనేవాళ్లు ఎప్పుడో సరిగ్గా అన్నారు!

వాడుక: "అందడం" ఇటూ అటూ రెండు వైపులా చెల్లుతుంది, నాకూ అదే నచ్చింది. "సిగ్నల్ పెంచే బూస్టర్" అనే మాటతోనే నాకు పేచీ. అది సిగ్నల్‌తోపాటు తనకందిన రొదనూ పెంచుతుంది, పెంచినంత మాత్రాన ఎస్ఐఎన్ఆర్ బాగుపడదు. పైగా దాని రెండు యాంటెన్నాలు (టవర్ వైపుది ఒకటి, ఫోన్ వైపుది ఒకటి) ఒకదానికొకటి దగ్గరగా ఉంటే తన కూత తానే విని ఊళ వేస్తుంది, ఆ రొద టవర్‌కెక్కి ఆ సెల్‌లో ఉన్నవాళ్లందరి కాల్స్ పాడవుతాయి. అనుమతి లేకుండా పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం కూడా.