పిల్లలపై లైంగిక వేధింపులు: ఉపాధ్యాయుల శిక్షణలో తప్పక చెప్పవలసింది ఏమిటి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా):
మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ముప్పై మంది ఉపాధ్యాయులకు, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంపై గంటసేపు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించారు. నేను హాజరైన తరగతుల్లో సెక్షన్లు చదివి వినిపించి, సంతకాలు తీసుకుని పంపించేవారు. ఆ తర్వాత ఒక పాప నా దగ్గరకు వచ్చి "ఇంటికి వెళ్లను టీచర్" అన్నప్పుడు, ఏమని పలకరించాలో, ఎవరికి చెప్పాలో తెలియక రెండు రోజులు ఆలస్యం చేశాను. ఆ రెండు రోజులు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నాయి. నా తోటివారికి ఆ పరిస్థితి రాకూడదంటే ఏం నేర్పాలి?

జవాబు (న్యాయవాది):
2012 నాటి ఈ చట్టంలో సెక్షన్ 19 ఒక్కటి వివరంగా చెబితే చాలు. నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని భయపడుతున్నవారు ఎవరైనా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయాలి. ప్రధానోపాధ్యాయునికి చెప్పినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. చాలామంది పొరబడేది ఇక్కడే. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి మాత్రం చట్టం రక్షణ కల్పిస్తుంది. మహారాష్ట్రలో వసతిగృహ బాలికలకు చికిత్స చేస్తూ, విషయం తెలిసినా పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ఒక వైద్యుని మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టివేయగా, 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

జవాబు (పిల్లల వైద్యురాలు):
శరీరంపై గాయం లేదు కాబట్టి ఏమీ జరగలేదని ఎవరూ అనుకోకూడదు. లైంగిక వేధింపులకు గురైన పిల్లల్లో చాలామందికి వైద్య పరీక్షలో ఏ ఆనవాళ్లూ కనిపించవు. చదువులో ఒక్కసారిగా వెనుకబడడం, ఒక మనిషిని చూస్తేనే ముడుచుకుపోవడం, మళ్లీ పక్క తడపడం వంటి మార్పులకు వేరే కారణాలు కూడా ఉండవచ్చు గానీ, చూసీ చూడనట్లు వదిలేయదగినవి కావు.

జవాబు (బాలల కౌన్సెలర్, వరంగల్):
గంటలో సగం సమయం అభ్యాసానికి కేటాయించండి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పిల్లగా, ఒకరు టీచరుగా మాట్లాడాలి. "నువ్వు చెప్పి మంచి పని చేశావమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు" అనే మాట నోటికి అలవాటు కావాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకూడదు, ఎందుకంటే అది నిలబెట్టుకోలేని మాట. నిజమో కాదో తేల్చడం పోలీసుల పని కనుక, గుచ్చి గుచ్చి అడగకుండా, పాప అన్న మాటలను అన్నట్లుగానే తేదీ, సమయంతో రాసిపెట్టుకోవాలి. అనుమానం ఇంట్లోవారిపైనే ఉంటే ముందుగా ఇంటికి కబురు చేయడం పాపకే ప్రమాదం. ఏం చేయాలో తోచనప్పుడు పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చు. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని చట్టంలోనే ఉందని కూడా చెప్పండి. స్టేషన్ భయంతోనే ఎందరో వెనక్కి తగ్గుతున్నారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ పాప అన్న మాటతోనే అభ్యాసం మొదలుపెడతాను, ఆమె ఎవరో తెలియనివ్వకుండా.