రావులపాలెం అరటి మార్కెట్, లంక తోటలు చూడటానికి సలహా కావాలి

సంక్రాంతి సెలవులకు మా అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి హైదరాబాదు నుంచి కోనసీమకు వస్తున్నాము. రావులపాలెం మార్కెట్‌లో సైకిళ్లకు ఇరువైపులా గెలలు కట్టుకుని రైతులు వచ్చే దృశ్యాన్ని, కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, కూరకు వాడే బొంత అరటి గెలలను వరుసగా నిలబెట్టి బేరాలాడే తీరును పిల్లలకు దగ్గరుండి చూపించాలని నా గట్టి కోరిక. పండుగ రోజుల్లో అక్కడ క్రయవిక్రయాలు జరుగుతాయా, జరిగితే ఏ వేళకు చేరుకోవడం మంచిది? మావంటి వారికి ఒక్క గెల అమ్ముతారా, లేక అత్తాల (గెల నుంచి కోసిన పండ్ల గుత్తుల) లెక్కన బయటి దుకాణాల్లోనే కొనుక్కోవాలా?

మార్కెట్ కన్నా తోట చూడటమే నాకు ముఖ్యం. గోదావరి పాయ అయిన గౌతమి ఒడ్డున ఉన్న లంక (నది మేట వేసిన నేల) గ్రామాల్లో గానీ, కొబ్బరి చెట్ల నీడన కోకో పెంచే తోటల్లో గానీ, రైతు పనికి అడ్డురాకుండా కాసేపు తిరగడానికి ముందుగా ఎవరిని అడగాలి? అనుమతించిన రైతుకు డబ్బు ఇవ్వజూపితే నొచ్చుకుంటారేమోనని సంకోచంగా ఉంది. తోటలోనే కాయలు కొనడం మర్యాదగా ఉంటుందని నా అభిప్రాయం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కనుక, కారు తోట గట్టు దాకా వెళ్లే చోటు చెప్పగలరు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌ను కూడా అదే రోజు చూడవచ్చునా? స్థానికులు దయచేసి తెలియజేయగలరు.