ఇంట్లో పడున్న ఆర్‌ఎక్స్ 100ని స్పోర్ట్ బండిగా మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (ఖమ్మం)

అన్నలందరికీ నమస్తే. మా నాన్న 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంట్లో ఉంది. కొన్నేళ్లుగా రేకుల షెడ్డులో కవరు కప్పి పెట్టాం. ఇంజిన్ జామ్ కాలేదు, కిక్ కొడితే కంప్రెషన్ తగులుతోంది. దీన్ని కేఫ్ రేసర్ లాగా, ముందుకు వంగి కూర్చునే స్పోర్ట్ బండిగా చేయించాలని ఉంది. ఇక్కడ ఒక వర్క్‌షాప్‌లో అడిగితే వెనక ఫ్రేమ్ కోసి గుండ్రటి హూప్ వెల్డ్ చేస్తాం, క్లిప్ ఆన్ హ్యాండిల్ (ఫోర్క్ రాడ్లకే బిగించే కిందికుండే హ్యాండిల్), ఎక్స్‌పాన్షన్ చాంబర్ (టూ స్ట్రోక్ రేసు సైలెన్సర్), ముందు డిస్క్, వెనక లావు టైరు వేస్తాం, మొత్తం 60 వేలు అవుతుంది అన్నారు. అంత ఒకేసారి పెట్టలేను. ముందు సైలెన్సర్ వేయించి, మిగతావి నెలకొకటి చేయించుకుందామని అనుకుంటున్నా. ఈ వరస సరైందేనా? ఆర్‌టీఓ దగ్గర ఇబ్బంది వస్తుందా? ఆర్‌సీ 2009లో అయిపోతే నాన్న ఒకసారి రెన్యువల్ చేయించారు. ఆ తర్వాత మళ్లీ చేయించలేదు.

జవాబు (గుంటూరు, టూ స్ట్రోక్ మెకానిక్)

తమ్ముడూ, ఆ వరస మొత్తం తిరగెయ్. సైలెన్సర్ ఆఖర్న. ముందు బండి ఆగాలి, తర్వాత తిన్నగా పోవాలి, ఆ తర్వాతే వేగం సంగతి.

కేఫ్ రేసర్లు పుట్టిన కథ తెలిస్తే ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. 1950లు, 60లలో లండన్ కుర్రాళ్లు ఏస్ కేఫ్ దగ్గర చేరి పందేలు వేసుకునేవాళ్లు. వాళ్లలో బాగా పేరొచ్చిన బండి ట్రైటన్. నార్టన్ వాళ్ల ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్ బిగించిన బండి అది. ట్రయంఫ్ ఇంజిన్ లాగుడు బాగుండేది, కానీ ఆ లాగుడుని మలుపులో నిలబెట్టే ఫ్రేము నార్టన్ దగ్గర ఉంది. అందుకే ఇంజిన్ని తెచ్చి ఆ ఫ్రేములో పెట్టుకున్నారు. మనవాళ్లు ఇప్పుడు కేఫ్ రేసర్ అంటే సీటు వెనక మూపురం, గుండ్రటి హెడ్‌లైటు మాత్రమే అనుకుంటున్నారు.

మీ బండికి మొదట చేయించాల్సినవి ఇవి. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు (హ్యాండిల్ నడుమ కాస్త పట్టేసినట్టు ఆగుతుంటే బేరింగ్ బాటలో గుంటలు పడ్డట్టే), స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు, వెనక షాక్‌లు, చక్రాల బేరింగులు, చైన్ స్ప్రాకెట్ సెట్. తర్వాత టైర్లు. గీతలు ఎంత లోతుగా ఉన్నా పాత టైరు పనికిరాదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. నాలుగంకెలే లేకపోతే అది 2000కి ముందుది. తీసి పారెయ్. ముందు 2.75-18, వెనక 3.00-18 చాలు. లావు టైరు జోలికి వెళ్లకు. ఆర్‌ఎక్స్ రిమ్ సన్నం. దాని మీద లావు టైరు ఎక్కిస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి నడినెత్తి పొడుచుకొస్తుంది, మలుపులో పడుకోబెడితే రోడ్డుకి ఆనే భాగం తగ్గిపోతుంది. డబ్బులు పెట్టి గ్రిప్పు పోగొట్టుకోవడమే.

డిస్క్ సంగతి కూడా అంతే. డిస్క్ అంటే వేరే ఫోర్క్, దానికి వేరే కోన్, వేరే హబ్, వేరే రిమ్. మీ బండి వంద కిలోల పైచిలుకు, అంతే. 130 మిల్లీమీటర్ల డ్రమ్ముని సరిగ్గా సెట్ చేస్తే చాలా బాగా ఆగుతుంది. డ్రమ్ముకి అంచు గీరి గట్టు కట్టి ఉంటే లేత్ మీద టర్నింగ్ చేయించు. కొత్త షూలు డ్రమ్ముకి పూర్తిగా ఆనవు. డ్రమ్ లోపల చాక్‌పీస్ రాసి, బిగించి, చక్రం తిప్పుతూ మెల్లగా బ్రేక్ పట్టి, విప్పి చూడు. షూ మీద చాక్ అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ ఎమెరీతో తగ్గించు. షూ నిండా చాక్ అంటేదాకా చేయి. ఆ పొడిని నోటితో ఊదొద్దు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిబట్టతో తుడువు. కేబుల్ కొత్తది వెయ్యి. బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు హబ్ మీది చిన్న లివరుకీ కేబులుకీ మధ్య 90 డిగ్రీల దగ్గర కోణం రావాలి, అప్పుడే పట్టు మొత్తం దిగుతుంది. ఆఖరికి యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు బ్రేక్ లివరు పట్టుకునే బిగించు. ప్లేటు డ్రమ్ముకి నడిమధ్యలో కూర్చుంటుంది.

జవాబు (హైదరాబాద్)

బ్రదర్, చట్టం సంగతి నేను చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఆ చట్టంలో సెక్షన్ 182ఎ చేరింది. అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఫ్రేమ్ కోయడం నేరుగా దీని కిందికి వస్తుంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది కూడా అదే. రంగు ఆర్‌సీలో రాసి ఉంటుంది కాబట్టి మార్చితే దాంట్లోనూ ఎక్కించుకోవాలి.

అన్నిటికన్నా ముందు ఆర్‌సీ. ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టు, గ్రీన్ ట్యాక్స్, ఆలస్యమైనందుకు ఫైను కట్టు. ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసుకుంటారు. కాబట్టి బండి కంపెనీ రూపంలో ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి. పెయింట్ వేయించేటప్పుడు హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మీద ఉన్న ఆ నంబరు మీద గ్రైండర్ పెట్టనివ్వకు, పుట్టీ పూయనివ్వకు. నంబరు అరిగిపోతే ఆ బండికి దిక్కుండదు. సైలెన్సర్ గురించి చెప్పక్కర్లేదు. ఇక్కడా వైజాగ్‌లోనూ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించారు.

ప్రశ్న అడిగిన తమ్ముడు (ఖమ్మం)

థాంక్స్ అన్నా. ఫ్రేమ్ కోయించను. మరి ఫ్రేమ్ కోయకుండా ఆ లుక్ వస్తుందా? నేను 5 అడుగుల 10 అంగుళాలు ఉంటా. క్లిప్ ఆన్ పెడితే నడుము నొప్పి వస్తుందని మా బావ భయపెడుతున్నాడు.

జవాబు (బెంగళూరు, మాది కర్నూలు)

తమ్ముడూ, లుక్ వస్తుంది. ఒరిజినల్ సీటు విప్పి దాచిపెట్టి, అవే బోల్టులకి బిగేలా ఒకరు కూర్చునే సీటు ఫైబర్‌తో చేయించుకో. వెల్డింగ్ అక్కర్లేదు. ఆ బోల్టులు విప్పితే సాయంత్రానికి నాన్నగారి బండి మళ్లీ నాన్నగారిదే.

నొప్పి నడుముకి కాదు, అరచేతులకీ మణికట్టుకీ వస్తుంది. హ్యాండిల్ ఒక్కటే కిందికి దింపి ఫుట్‌రెస్టులు ముందే వదిలేసేవాళ్లకి తప్పకుండా వస్తుంది. కాళ్లు ముందు, చేతులు కింద అయితే ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే పాదాల మీద, తొడల మీద బరువు పంచుకోవచ్చు. మొదట ట్రిపుల్ క్లాంప్‌కి (ఫోర్క్ రాడ్లని పట్టుకునే ప్లేటుకి) పైన బిగే పొట్టి, చదును హ్యాండిల్ ఒకటి వేసి కొన్నాళ్లు తిరుగు. అది సరిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకదే సరిపోయింది. నేను క్లిప్ ఆన్‌కి వెళ్లలేదు.

క్లిప్ ఆనే కావాలంటే ఫోర్క్ రాడ్ లావు వెర్నియర్‌తో కొలిచి దానికి సరిగ్గా సరిపోయేదే తీసుకో, లోపల రేకు ముక్క పెట్టి బిగించేది వద్దు. బిగించాక హ్యాండిల్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి చూడు. బొటనవేలు ట్యాంకుకీ లివరుకీ మధ్య నలగకూడదు. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి మళ్లీ తిప్పు. తిప్పితే ఐడిలింగ్ పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టు. యూటర్న్‌లో బండి తనంతట తాను ఎగురుతుంది, చాలా ప్రమాదం. ఇంకొకటి, స్టైల్ కోసం ఫోర్క్ రాడ్లు పైకి జరిపి ముందు భాగం దించుతారు, వెనక పొడుగు షాక్‌లు కూడా వేస్తారు. రెండూ స్టీరింగ్‌ని నిటారు చేసేవే. రెండూ కలిపి చేస్తే స్పీడులో హ్యాండిల్ కొట్టుకోవడం మొదలవుతుంది. ఒకటే చేయి, అదీ కొద్దిగా.

ప్రశ్న అడిగిన తమ్ముడు (ఖమ్మం)

సరే అక్కా, పొట్టి హ్యాండిలే. గుంటూరు అన్నా, నిన్న కార్బరేటర్ కడిగి స్టార్ట్ చేశాం. మూడో కిక్‌కే అందుకుంది! కానీ వేడెక్కాక ఐడిలింగ్ ఉన్నట్టుండి పెరిగిపోతోంది, స్క్రూ తగ్గించినా దిగట్లేదు. ఇక్కడి మెకానిక్ బోర్ కొట్టించి పిస్టన్ మార్చేద్దాం అంటున్నాడు.

జవాబు (గుంటూరు)

ఆగు తమ్ముడూ. ఇంకోసారి స్టార్ట్ చేయొద్దు. ఆ లక్షణం పిస్టన్‌ది కాదు, బయటి గాలి లోపలికి పీలుస్తోంది. టూ స్ట్రోక్‌లో క్రాంక్ ఉండే గది కూడా పంపులాగే పనిచేస్తుంది, కాబట్టి దానికి గాలి దూరే సందు ఉండకూడదు. ఏళ్ల తరబడి నిలబెడితే క్రాంక్ ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఎడమ పక్క, మ్యాగ్నెట్ వైపు సీలు పోతే గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, రేజ్ దానంతట అది లేస్తుంది. కుడి పక్క, క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ పీల్చి తెల్లపొగ చిమ్ముతుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది. పలచబడ్డ మిశ్రమంతో లాగితే పిస్టన్ నెత్తికి బొక్క పడటం ఖాయం. ఆ సీలు వదిలేసి కొత్త పిస్టన్ వేస్తే అదీ పోతుంది.

ఊహించక్కర్లేదు, పరీక్ష ఉంది. కార్బరేటర్, సైలెన్సర్ విప్పి ఆ రెండు దారులూ రబ్బరు, రేకు పెట్టి గట్టిగా మూసెయ్యి. ఒక రేకులో నుంచి సన్న పైపు పోనీ. పిస్టన్ పూర్తిగా కిందికి దిగి ఉండాలి, అప్పుడు సిలిండర్ గోడలోని పోర్టులన్నీ (గాలి, పొగ పోయే రంధ్రాలు) తెరుచుకుంటాయి. ఆ పైపుకి డాక్టర్ల పాత బీపీ మిషన్ గాలి బుడ్డీ, మీటరూ తగిలించి 250 దాకా గాలి కొట్టు. 300 దాటనీయకు, సీలు పక్కకి తన్నుకొస్తుంది. ఐదారు నిమిషాలు ముల్లు దాదాపు కదలకుండా ఉంటే ఇంజిన్ గట్టిగా ఉన్నట్టే. దిగుతుంటే సబ్బు నీళ్లు రాసుకుంటూ వెతుకు. హెడ్ గ్యాస్కెట్, బ్లాక్ కింది గ్యాస్కెట్, కార్బరేటర్ రబ్బరు జాయింట్, మ్యాగ్నెట్ విప్పి ఎడమ సీలు, ఎక్కడ నురగ లేస్తే అక్కడ. ఎక్కడా లేవకుండా ముల్లు దిగుతుంటే కుడి సీలు, అప్పుడు గేర్ ఆయిల్ పోసే రంధ్రం దగ్గర గాలి తగులుతుంది.

ప్రశ్న అడిగిన తమ్ముడు (ఖమ్మం)

అన్నా, చేశాం! బీపీ మిషన్ మా వీధి ఆర్‌ఎంపీ దగ్గర దొరికింది. 250 నుంచి ఒక్క నిమిషంలోనే 100కి పడిపోయింది. మ్యాగ్నెట్ వెనక సీలు చుట్టూ బుడగలు. రబ్బరు జాయింట్ కూడా పగిలింది. రెండూ కొత్తవి వేశాక ముల్లు నిలబడింది. ఐడిలింగ్ ఇప్పుడు మెత్తగా ఉంది. సిలిండర్ విప్పి చూస్తే గీతలు మాత్రం ఉన్నాయి.

జవాబు (గుంటూరు)

శభాష్. గీతలు గోరుకి తగులుతుంటే బోర్ కొట్టించు. ముందు పిస్టన్ కొని, దాన్ని చేత్తో తీసుకెళ్లి లేత్ వాడికి ఇవ్వు, దానికి తగ్గట్టు కొట్టమను. డబ్బా మీద 25 సైజు (0.25 మిల్లీమీటర్లు పెద్దది) అని రాసినంత మాత్రాన అన్నీ ఒకలా ఉండవు. అయ్యాక పోర్టు అంచులు ఛాంఫర్ చేశాడో లేదో వేలు పెట్టి చూడు, పదునుగా వదిలేస్తే రింగ్ తగులుకుని విరుగుతుంది. ఆటోల్యూబ్ పంపు (ఇంజిన్‌కి 2టీ ఆయిల్ అందించేది) ఉంటే తీసేయనివ్వకు. అందరూ తీసేయమంటారు, కానీ యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ ఆయిల్ పెంచే ఏర్పాటు అది. పైపులో గాలి బుడగలు తీసి, కేబుల్ గుర్తు సరిచూడు. రన్నింగ్ ఇన్ అయ్యేదాకా (కొత్త పిస్టన్ సర్దుకునేదాకా) దానికి తోడు పెట్రోల్లో కూడా కొంచెం 2టీ కలుపుకో.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి పుట్టినప్పుడు అది లేదు. పాత పెట్రోల్ పైపు, నీడిల్ వాల్వ్, కాక్ వాషర్లు మార్చెయ్, బండి నిలబెట్టేటప్పుడు కార్బరేటర్ ఖాళీ చెయ్యి. ఇథనాల్ వల్ల మిశ్రమం కాస్త పలచబడుతుంది కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి మొదలుపెట్టు. ఫుల్‌గా తిప్పినప్పుడు బడబడమని ఫోర్ స్ట్రోక్ లాగా ఆడితే పెట్రోలు ఎక్కువైనట్టు, అప్పుడు తగ్గించొచ్చు. ప్లగ్గు టీ రంగులో ఉండాలి. తెల్లగా కనిపిస్తే అక్కడే ఆపెయ్.

ప్రశ్న అడిగిన తమ్ముడు (ఖమ్మం)

ఎక్స్‌పాన్షన్ చాంబర్ అసలు వద్దంటారా?

జవాబు (బెంగళూరు, మాది కర్నూలు)

రోడ్డు మీద వద్దు. అది ఒక ఆర్‌పీఎం పట్టీలోనే పనిచేస్తుంది, కింద లాగుడు పోతుంది. ఖమ్మం ట్రాఫిక్‌లో గేరు మార్చుకుంటూ కూర్చోవాలి. పిక్‌అప్ కావాలంటే వెనక స్ప్రాకెట్ ఒకటి రెండు పళ్లు పెద్దది వెయ్యి, టాప్ స్పీడ్ కొంచెం తగ్గుతుంది. నిజంగా వేగం చూడాలంటే శ్రీపెరంబుదూరు దగ్గర మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉన్నాయి. ట్రాక్ డేకి బండిని వ్యాన్‌లో తీసుకెళ్లు. ఫుల్ ఫేస్ హెల్మెట్, లెదర్ సూట్, గ్లౌజులు, బూట్లు లేకుండా లోపలికి రానివ్వరు. హెడ్‌లైట్ అద్దానికి టేపు అంటించాలి, సైడ్ మిర్రర్లు తీసెయ్యాలి, ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి రంధ్రం వేసి తీగ కట్టాలి. ముందు ఆర్‌సీ పని అవగొట్టు. ఫారం 25 పెట్టాక ఇన్‌స్పెక్షన్ తేదీ ఏ రోజు ఇచ్చారో ఇక్కడ రాయి, ఆ ముందురోజు బ్రేకులూ లైట్లూ ఏమేం చూసుకోవాలో చెప్తా.