బిడ్డ ఎదుగుదల తగ్గితే చూడవలసింది తల్లి తిండినా, మాయనా?

రాఘవరావు:
కడుపులోని బిడ్డ బరువు పెరగడం లేదని తెలిసిన ప్రతిసారీ ఇక్కడ కొందరు సభ్యులు గర్భాశయంలో బిడ్డకు పోషణ అందించే మాయదే (ప్లాసెంటాదే) లోపమని తేల్చేస్తున్నారు. మాయ ఒక దారి మాత్రమే. తల్లి రక్తమే బొడ్డుతాడు గుండా బిడ్డకు చేరుతుంది కాబట్టి, ఆమె సరిగా తింటున్నదా లేదా అన్నదే మొదట చూడాలి.

ఉదయరేఖ:
రాఘవరావు గారూ, తల్లి రక్తం బొడ్డుతాడులోకి వెళ్లదు. గర్భాశయ ధమనుల నుండి వచ్చే ఆమె రక్తం మాయలోని సన్నని కొమ్మల వంటి విల్లైలను తడిపి వెనక్కి మళ్లుతుంది. బిడ్డ రక్తం ఆ విల్లైల లోపలి నాళాలలో తిరుగుతుంది. నడుమనున్న పలుచని పొర ఆక్సిజన్‌ను, గ్లూకోజ్‌ను దాటనిస్తుంది, తల్లి ఇన్సులిన్‌ను దాదాపు దాటనివ్వదు. నెలలు నిండేసరికి విల్లైల ఉపరితలం 10 చదరపు మీటర్లకు పైబడుతుంది. తొలి నెలలలో మాయ కణాలు గర్భాశయ ధమనుల కొసలను వెడల్పు చేయాలి. ఆ పని సగంలో ఆగితే, తల్లి ఎంత పుష్టిగా తిన్నా బిడ్డకు అందవలసినంత అందదు. పైగా మాయలో ఎక్కువ భాగం ఏర్పడేది పిండపు కణాల నుండే.

శ్రీలత:
మద్యం, నికోటిన్ కూడా ఆ పొరను దాటుతాయని చేర్చండి.

రాఘవరావు:
రక్తాలు కలవవన్నారు. మరి ఆర్‌హెచ్ నెగటివ్ గ్రూపు రక్తమున్న తల్లులకు యాంటీ-డి ఇంజెక్షన్ ఎందుకు ఇస్తున్నారు?

ఉదయరేఖ:
బిడ్డ రక్తకణాలు కొన్ని, ముఖ్యంగా ప్రసవ సమయంలో, తల్లి రక్తంలో చేరవచ్చు. వాటిపై ఆమె శరీరం యాంటీబాడీలు తయారుచేసుకోకుండా ఆ ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డకు పోషణ అందే మార్గం అది కాదు.

రాఘవరావు:
కొద్దిగానైనా కలుస్తుందని మీరే అన్నారు. నా మాట నిలిచినట్లే.

మాధవి:
మీరిద్దరూ రక్తం దగ్గరే ఆగిపోయారు. నా బిడ్డ ఒకటిన్నర కిలోల బరువుతో పుట్టింది. బొడ్డుతాడు ధమనిలో రక్తప్రవాహం తగ్గిందని డాప్లర్ స్కాన్‌లో ముందే తెలిసినా, చూడవచ్చిన వారందరూ నేను తిండి మానేశాననే అన్నారు. ప్రసవమయ్యాక ట్రేలో ఉన్న మాయను నర్సు చూపించింది. ఒక అంచున పాలిపోయి గట్టిపడిన మచ్చలు స్పష్టంగా కనిపించాయి. పరీక్షకు పంపమని అడిగితే, బిడ్డ బతికింది కదా అని పారవేశారు. "ఆమె సరిగా తింటున్నదా" అన్న మీ వాక్యం చదివినప్పుడు నాకు ఆ మాటలే మళ్లీ వినిపించాయి.

రాఘవరావు:
నేను మిమ్మల్ని ఉద్దేశించలేదు. మా చెల్లెలు తీవ్రమైన రక్తహీనతతో నెలలు మోసింది. అంతా మాయ చూసుకుంటుందని ఇంట్లో అందరూ ధీమాగా ఉన్నారు, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నదో లేదో ఎవరూ అడగలేదు. తిండి మాట ఎత్తితేనే నింద అంటే, అటువంటి వారి సంగతి ఎవరు పట్టించుకుంటారు?

ఉదయరేఖ:
రక్తహీనతను ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు. కానీ తిండి గురించి ముందుగా అడగడం వేరు, బిడ్డ పుట్టాక కారణం వెతకకుండా తల్లిని దోషిని చేయడం వేరు. మాయ పరీక్ష ఫలితం చేతిలో ఉంటే తరువాతి గర్భంలో ఎంత జాగ్రత్తగా గమనించాలో వైద్యులు నిర్ణయించగలరు. మాయ లోపంతో ముడిపడి, గర్భిణికి రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 16వ వారంలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

రాఘవరావు:
పరీక్షకు పంపడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే హిమోగ్లోబిన్ ఎంత ఉండేదో కూడా అదే కాగితంపై ఉండాలి.

మాధవి:
ఉండనివ్వండి. నాది 12 ఉండేది.