అప్‌డేట్: జడ్జిగారి సంఘం సినిమా, మా సినిమా ఒకే పోటీలో

చిత్తూరు నుంచి మేం తీసిన క్రైస్తవ షార్ట్ ఫిల్మ్ గురించి అడిగాను కదా: జడ్జీల్లో ఒకాయన సంఘం (చర్చి) వాళ్ల సినిమా కూడా అదే పోటీలో ఉంది, అడగాలా ఊరుకోవాలా అని. ‘తీర్పు దేవుడికి వదిలేయ్’ అన్న అన్నలకు థాంక్స్. కానీ ఎంట్రీ ఫీజు కట్టించుకుంది దేవుడు కాదు కదా!

నిర్వాహకులకు మర్యాదగానే మెయిల్ పెట్టాను. ఆ ఒక్క సినిమాకు ఆయన మార్కులు వేయకూడదన్నాను, ఒప్పుకున్నారు. మార్కుల పట్టిక చూపించమంటే మాత్రం జవాబు లేదు.

సంఘం అండతో తీసిన సినిమాలూ, సొంత ఖర్చుతో తీసినవీ ఒకే విభాగంలో పోటీపడాలా అన్న బడ్జెట్ సంగతి ఇంకా తేలలేదు. అమెరికాలో షెర్వుడ్ బాప్టిస్ట్ సంఘం 2006లో విడుదల చేసిన సినిమాకు దాదాపు లక్ష డాలర్లే అయింది, ఎందుకంటే నటుల్లో ఎక్కువమంది సంఘంలోని వాలంటీర్లే. సంఘం అండ ఉంటే జీతాలు, లొకేషన్ అద్దె మిగులుతాయి. మాకు గ్రీమ్స్‌పేటలో ఒక్క పూట ఇంటి అద్దెకే చేతిచమురు వదిలింది. పక్కింటి జనరేటర్ రొదకి డైలాగులన్నీ మళ్లీ డబ్బింగ్ చెప్పాం. అందుకే సొంత ఖర్చు సినిమాలకు వేరే విభాగం పెట్టమన్నాం. వచ్చే ఏడాది చూస్తారట.

బహుమతి మాకూ రాలేదు, వాళ్లకూ రాలేదు. తిరుపతి కుర్రాళ్లు ఫోన్‌తో తీసిన సినిమా కొట్టేసింది. చూశాను, న్యాయంగానే గెలిచింది. సౌండ్ అంత శుభ్రంగా ఎలా రికార్డు చేశారో వాళ్లని అడగాలి.