ఈ వారం సమస్య: "చావు కోరినవాడింక చావలేదు"

అడ్మిన్: అందరికీ వందనాలండి. తేటగీతి పద్యం, నాలుగో పాదం పైన ఇచ్చాను. బైబిల్లోంచి గానీ మీ జీవితంలోంచి గానీ పూరించండి, నిరుత్సాహంలోంచి లేచిన మనిషి కనపడాలి.

గోదావరి అక్క:
బదరి నీడను సోలిన భక్తు కడకు
దూత రొట్టెను నీటిని తోడ తెచ్చి
లెమ్ము తినుమని తట్టగా లేచి నడిచె
చావు కోరినవాడింక చావలేదు

రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద బయలు దేవత ప్రవక్తలు 450 మంది ముందు నిలబడ్డ ఏలీయా ప్రవక్త, చంపిస్తానని యెజెబెలు రాణి ఒక్క కబురు పంపేసరికి ఎడారిలోకి పారిపోయి ఇంక చాలు ప్రభువా నా ప్రాణం తీసేసుకో అన్నాడు కదండీ, అది రాశాను.

మాస్టారు: యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి కలవాల్సిన అక్షరాలు, బాగా కుదిరాయమ్మా, బ–భ, దూ–తో, లె–లే. బదరి అంటే మనకి రేగుచెట్టు గుర్తొస్తుంది, హీబ్రూలో అది రోతెం అనే ఎడారి పొద, అయినా తెలుగు బైబిల్లో బదరీవృక్షమనే ఉంది కాబట్టి ఉంచేయండి. నాకు బాగా నచ్చింది ఏంటంటే మీ దూత ఉపదేశం చెయ్యలేదు. అక్కడ జరిగింది కూడా అంతే, నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు, మళ్ళీ నిద్ర, మళ్ళీ రొట్టె, ఆ తర్వాతే హోరేబు కొండకి 40 రోజుల నడక, నేనొక్కడినే మిగిలానన్న ఏడుపుకి బయలుకి మొక్కనివాళ్ళు ఇంకా 7000 మంది ఉన్నారన్న జవాబు అక్కడికి వెళ్ళాకే దొరికింది. మనమేమో కుంగిపోయినవాడు కనపడితే ముందే వాక్యం ఎత్తుకుంటాం, అన్నం తిన్నావా అని అడగం. పైగా ఏలీయా నిజంగానే చావలేదు, సుడిగాలిలో ఆరోహణమయ్యాడు, సమస్యకి ఇంతకంటే ఏం కావాలి.

విశాఖ తమ్ముడు:
ఖడ్గ మెత్తిన జైలరు గాంచి పౌలు
"ఉంటి మిక్కడె, వలదన్న, యూరకుండు"
మనిన తోడనె బాప్తిస్మ మందె వేగ
చావు కోరినవాడింక చావలేదు

మాస్టారు: అపొస్తలుడు పౌలు ఖైదీగా ఉన్న ఫిలిప్పీ చెరసాల కథ! భలే పట్టావు తమ్ముడూ. భూకంపానికి తలుపులు తెరుచుకుంటే ఖైదీలు పారిపోయారనుకుని జైలరు చావబోయాడన్న ముక్క లేకపోతే కత్తి ఎందుకు దూశాడో కొత్తవాళ్ళకి తెలీదు, మొదటి పాదంలో ఇరికించగలవేమో చూడు. "జైలరు" అనే పదం మాత్రం మార్చకు.

కొత్త సభ్యుడు: నాకు ఛందస్సు సరిగా రాదండి, తప్పులుంటే క్షమించాలి. ఇది నా సంగతే.
పరీక్ష నాలుగుసార్లు తప్పిన నన్ను జూచి
అమ్మ మోకాళ్ళ ప్రార్థించె నర్ధరాత్రి
వెలుగు వచ్చెను పుస్తకం విప్పినాను
చావు కోరినవాడింక చావలేదు

మాస్టారు: బాబూ, "పరీక్ష" లఘువు తర్వాత గురువుతో మొదలవుతుంది, తేటగీతి పాదం మొదట రావాల్సిన సూర్యగణం రాదు, పాదం పొడుగైపోయింది కూడా. "నాల్గు మారులు తప్పిన నన్ను జూచి" అంటే సరిపోతుంది. మిగతా మూడు పాదాల్లో నేను చెయ్యి పెట్టను. కానీ ఒక్కటి అడుగుతా, ఆ రాత్రి నీ మనసులో ఏముందో ఇంట్లో చెప్పావా? అలాంటి రాత్రి మళ్ళీ వస్తే ఒక్కడివే ఉండకు నాయనా, అమ్మని లేపు, మాకు మెసేజ్ పెట్టు, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, ప్రార్థన చేసుకుంటూనే చెయ్యి.

కొత్త సభ్యుడు: మార్చానండి మాస్టారూ. ఇప్పుడే అమ్మకి చదివి వినిపించాను. ఆ రాత్రి నువ్వు నిద్రపోయావనుకున్నా కదరా అని, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.