"వివరింపదగున్" అంటే ఎవరికి వివరించాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. సుమతీ శతకంలో మనందరికీ నోటికొచ్చిన పద్యమే ఇది.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కనికల్ల నిజము దెలిసిన
మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ!

ఒకచోట దీని భావం "ఎవరు చెప్పినా వినాలి, విన్నదాన్ని తొందరపడకుండా నలుగురికీ వివరించాలి" అని చదివాను. ఇది సరైనదేనా? ఇంకో సందేహం కూడా ఉంది. నిజమేదో అబద్ధమేదో తేల్చుకోగలిగినవాడు తెలివైనవాడు అవుతాడు గానీ నీతిపరుడు ఎలా అవుతాడు? తెలివి వేరు, నీతి వేరు కదండీ.

జవాబు:

మంచి ప్రశ్నలండీ, ముఖ్యంగా రెండోది. మొదటిది త్వరగా తేల్చేద్దాం. ఇక్కడ వివరించడం అంటే విచారించడం, తనకు తాను వివరంగా తెలుసుకోవడం. ఇప్పుడు మనం ఆ మాటని ఎదుటివాళ్ళకి విడమరిచి చెప్పడం అనే అర్థంలోనే వాడుతున్నాం కాబట్టి ఆ భావం రాసినవారికి అలా తోచింది. పక్క పాదం కలిపి చదివితే సందేహం ఉండదు. "కని, కల్ల నిజము తెలిసిన" అని విడదీసుకోవాలి. కని అంటే చూసి, గ్రహించి. చాలామంది "కనికల్ల" అని ఒకే పదంలా చదివేసి పోతారు, దాంతో ఆ చూడడమనే పని పద్యంలోంచి జారిపోతుంది. పైగా విన్నది నలుగురికీ చెప్పమని అర్థం తీస్తే, పద్యం ఏది ఆపమంటోందో అదే చెయ్యమన్నట్టు అవుతుంది.

ఇక రెండోది. మాళవికాగ్నిమిత్రం నాటకం మొదట్లో కాళిదాసు దాదాపు ఇదే సంగతి ఎత్తుకుంటాడు. పాతదైనంత మాత్రాన అంతా మంచిది కాదు, కొత్తదైనంత మాత్రాన కావ్యం చెడ్డదీ కాదు, పెద్దలు పరీక్షించి ఏదో ఒకటి తీసుకుంటారు, "మూఢః పరప్రత్యయనేయబుద్ధిః" అంటాడు. ఎదుటివాడి నమ్మకాన్ని పట్టుకుని నడిచే బుద్ధి గలవాడు మూఢుడని. చూడండి, అక్కడ తిట్టు మూఢుడు. అంటే లోపం తెలివిలో ఉందని. మన పద్యం అలా వదిలిపెట్టలేదు, తేల్చుకోకుండా నమ్మేవాడి నీతినే ప్రశ్నించింది. ఇది చాలా పెద్ద మాట, మనం చిన్నప్పుడే బట్టీపట్టేశాం కాబట్టి ఎంత పెద్దదో తెలియడం లేదు.

ఎందుకు పెద్దదో ఒక ఉదాహరణతో చెప్తాను. క్లిఫర్డ్ అని ఇంగ్లండులో ఒక గణితవేత్త ఉండేవాడు. 1877లో ఆయన నమ్మకానికీ నీతికీ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని కథ ఉంటుంది. ఓడ పాతది, ఎన్నో మరమ్మతులు పడ్డది, ఈసారి సముద్రం దాటుతుందా అని అతనికే అనుమానం. బాగు చేయించాలంటే ఖర్చు. అందుకని ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా, ఈసారీ వస్తుందిలే, దేవుడున్నాడు అని తనకు తాను సర్దిచెప్పుకుని, చివరికి మనస్ఫూర్తిగానే నమ్మేసి, ప్రయాణికుల్ని ఎక్కించి పంపిస్తాడు. ఓడ నడిసముద్రంలో మునిగిపోతుంది, అతను బీమా డబ్బు తీసుకుని ఊరుకుంటాడు. అతను తప్పు చేశాడని అందరం ఒప్పుకుంటాం. ఆ తర్వాత క్లిఫర్డ్ ఒక ప్రశ్న వేస్తాడు, ఆ ఓడే క్షేమంగా చేరి ఉంటే అతని తప్పు తగ్గేదా? ఏమాత్రం తగ్గదంటాడు. నమ్మే హక్కు అతనికి అప్పుడూ లేదు, తప్పు బయటపడకుండా ఉండేది, అంతే.

"వేగపడక" అన్న మాట బరువు అక్కడ తెలుస్తుంది. ఓడ యజమాని అబద్ధమాడలేదు, ఎవరి చావూ కోరలేదు. తనకు అనుకూలమైన మాట చెవిన పడగానే, అది తన సొంత మనసు చెప్పిన మాటే అయినా, విచారించకుండా పట్టుకున్నాడు. "ఎవ్వరు చెప్పిన" అన్నదాంట్లో మన మనసు కూడా ఉందని నేను అనుకుంటాను, అన్నిటికంటే ఎక్కువ వేగపెట్టేది అదే.

మనకి దగ్గరి సంగతే తీసుకోండి. వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. వీడు ఫలానా ఘోరం చేశాడు, అందరికీ పంపండి అని కింద రాసి ఉంటుంది. తేదీ ఉండదు, ఎక్కడ జరిగిందో ఉండదు, మొదట రాసినవాళ్ళ పేరు ఉండదు. కానీ ఆ ఫోటోలో మొహం మాత్రం నిజంగా ఎవరిదో ఒకరిది, ఆయనకి ఇల్లూ వాకిలీ ఉంటాయి, పిల్లలుంటారు. పంపిన ప్రతివాళ్ళూ "నాకు వచ్చింది, నేను పంపాను" అంటారు, ఒక్కళ్ళూ అబద్ధమాడినవాళ్ళు కాదు. అయినా ఆ మనిషి పరువు పోయింది. దీన్ని తెలివితక్కువతనం అని సరిపెట్టుకోగలమా? నాకు ఒప్పదు. ఆ మొహానికి మనం అన్యాయం చేశాం, అది నీతికి సంబంధించిన విషయమే.

ఇంకొకరి వ్యాఖ్య:

మీరు మరీ లోతుకు వెళ్తున్నారేమో అండీ. ఇది కందం, గణాలు కుదరాలి కాబట్టి "నీతిపరుడు" పడి ఉండొచ్చు. అక్కడ వేరే మాట పట్టదేమో.

జవాబు:

పడుతుందండీ. చివరి పాదం విడదీస్తే "మనుజుడె / పోనీ / తిపరుడు / మహిలో / సుమతీ" అని వస్తుంది. ఇక్కడ "నీతిపరుడు" తీసి "జ్ఞానధనుడు" పెట్టి చూడండి. "పోజ్ఞా" రెండు గురువులు, "నధనుడు" నలం, అంటే నాలుగు లఘువులు, గణాలు ఎక్కడా చెడవు. యతి మనుజుడు, మహిలో అన్న రెండు మకారాల మధ్య, ప్రాస నకారం, రెండూ చెక్కుచెదరవు. అంటే తెలివికి సంబంధించిన మాట పెట్టుకునే వీలు ఉండి కూడా కవి నీతి అనే మాటే పెట్టాడు. రాసింది బద్దెన అని చెప్తారు, ఎవరు రాసినా ఆ ఎంపిక మాత్రం ఛందస్సు బలవంతం మీద జరిగింది కాదు.

మరొకరి వ్యాఖ్య:

బాగుంది గానీ ప్రతిదీ విచారించి నమ్మాలంటే బతగ్గలమా? నేను ఎప్పుడు పుట్టానో నేను చూడలేదు, అమ్మ చెప్తే నమ్మాను. మరి దేవుడి మీద నమ్మకం సంగతేమిటి? ఆ లెక్కన భక్తులంతా నీతి లేనివాళ్ళేనా?

జవాబు:

అయ్యో, అలా అనడం లేదండీ. మీ మొదటి మాట పూర్తిగా నిజం, మనకి తెలుసనుకునే వాటిలో ఎక్కువ భాగం విన్నవే. అందుకే మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ప్రత్యక్షం (నేరుగా చూడడం), అనుమానం (గుర్తుల్ని బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోలికతో తెలుసుకోవడం) వీటితో పాటు శబ్దాన్ని, అంటే ఒకరు చెప్పిన మాటని కూడా ప్రమాణంగా ఒప్పుకుంది. కాకపోతే ఒక షరతు పెట్టింది, చెప్పేవాడు ఆప్తుడు అయి ఉండాలి. ఆప్తుడంటే మనవాళ్ళనో మనకి ఇష్టమైనవాళ్ళనో కాదు, విషయం నేరుగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. ఆ దర్శనానికి మూలమైన న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనంటాడు. "ఎవ్వరు చెప్పిన" అన్న మాటకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు కనబడలేదు. మీ పుట్టుక సంగతి మీ అమ్మగారికి నేరుగా తెలుసు, మీకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, కాబట్టి అది విచారించినట్టే లెక్క. మన పెద్దమనిషే కదా అని, మన వర్గంవాడే కదా అని నమ్మేస్తేనే చిక్కు.

దేవుడి సంగతి అంత తేలిగ్గా తేలదు. క్లిఫర్డ్‌కి విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1896లో జవాబిచ్చాడు, కొన్ని విషయాల్లో సాక్ష్యం వచ్చేదాకా ఆగడం కూడా ఒక నిర్ణయమే, స్నేహం లాంటివి ముందు నమ్మితేనే నిజమవుతాయని. అందులో న్యాయం ఉందని నాకనిపిస్తుంది. ఒక మనిషి కష్టంలో దణ్ణం పెట్టుకుని ధైర్యం తెచ్చుకుంటే దాన్ని కల్లా నిజమా అని తూచే పని ఎవరికీ లేదు. కానీ అదే దేవుడి పేరు చెప్పి ఫలానావాళ్ళని ఇంట్లోకి రానివ్వకు, ఫలానా జబ్బుకి డాక్టరు దగ్గరికి వెళ్ళకు అని ఎవరైనా చెప్తే, అప్పుడు ఇంకో ప్రాణం మధ్యలోకి వచ్చింది, ఆ క్షణం నుంచి పద్యం వర్తిస్తుంది. బుద్ధుడు కేసపుత్తం అనే ఊళ్ళో కాలాములనే జనానికి చెప్పిందీ ఇలాంటిదే. పరంపరగా వస్తోందనో, గ్రంథంలో ఉందనో, తర్కానికి అందిందనో, మా గురువు చెప్పాడనో ఒప్పుకోకండి, ఆచరిస్తే హాని కలుగుతుందని మీకే తెలిస్తే వదిలెయ్యండి అన్నాడు. తర్కాన్ని కూడా ఆ జాబితాలో కలిపాడన్న సంగతి ఈ ఉపదేశాన్ని తరచూ చెప్పుకునేవాళ్ళు మర్చిపోతుంటారు.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంతోషమండీ. చివరిగా ఒక్కటి, "మనుజుడెపో"లో "పో" ఏమిటి?

జవాబు:

నొక్కి చెప్పడానికి వాడే మాటండీ, "అతడే సుమా" అన్నట్టు. ముందు "ఎ" అన్న అవధారణ, అంటే "అతడే" అని తేల్చి చెప్పే అక్షరం ఉంది, దాని మీద మళ్ళీ "పో". అంటే నీతిపరుడు అతడొక్కడే అని గట్టిగా చెప్తున్నాడు. నాకు ఇక్కడ మాత్రం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరేం చెప్పినా నమ్మేసే మెత్తటి మనుషులుంటారు, అడిగినవాళ్ళకి లేదనకుండా పెడతారు, వాళ్ళని నీతి లేనివాళ్ళని ఎలా అంటాం? అనలేను. వాళ్ళ దయని చూసి నేర్చుకోవాల్సింది నాకు చాలా ఉంది. అయితే ఇద్దరి మధ్య తగాదా వచ్చి, తప్పెవరిదో చెప్పాల్సి వచ్చినప్పుడు, ముందుగా వచ్చి ఏడ్చినవాళ్ళ మాటే వాళ్ళు నమ్ముతారు. రెండోవాళ్ళు నోరు తెరిచేలోపే తీర్పు అయిపోతుంది. కవి మనసులో ఉన్నది ఆ రెండోమనిషే అయితే, ఆ "పో" అంత గట్టిగా ఎందుకు పడిందో అర్థమవుతుంది.